తప్పు ఒకరిది, వేలిముద్ర పదహారు మందిది

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరు ప్రచురించవద్దని కోరారు కనుక కొన్ని వివరాలు తగ్గించి సారాంశం ఇస్తున్నాను.

2017 జూలైలో, జీఎస్టీ అమలులోకి వచ్చిన నెలలోనే, ఆమె తమ ఇంటి ముందు గదిలో ఇద్దరు సహాయకులతో లెక్కలు రాసే ఆఫీసు ప్రారంభించారు. బట్టల దుకాణాలు, ఎరువుల డీలర్లు, ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తిదారులు, రెండు రైస్ మిల్లులు, ఇలా పెరుగుతూ ఇప్పుడు 180 పార్టీల (ఖాతాదారుల) దాకా వచ్చాయి. ఉద్యోగులు పదహారు మంది, వారిలో తొమ్మిది మంది మహిళలు. నలుగురైదుగురే ఉన్న రోజుల్లో ఆఫీసుకు నిబంధనలు ఉండాలన్న ఆలోచనే రాలేదనీ, జీఎస్టీ రిటర్నుల గడువైన ఇరవయ్యో తేదీ దగ్గర పడితే ఎవరూ చెప్పకుండానే అందరూ రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని, మిర్చీబజ్జీలు తెప్పించుకొని రిటర్నులు పూర్తిచేసేవారనీ ఆమె రాశారు.

నిరుడు దసరాకు ముందు రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలాయి. ఆరేళ్ళు పనిచేసిన సీనియర్ అకౌంటెంట్ మానేసి, సొంత ఆఫీసు పెట్టుకొని, రెండు పెద్ద పార్టీలను తనతో తీసుకుపోయారు. ఆ తరువాత, దుకాణాలు తిరిగి బిల్లులు సేకరించే ముగ్గురు కుర్రాళ్ళలో ఒకడు ఐదు నెలలుగా దొంగ పెట్రోలు బిల్లులు పెడుతున్నాడని తేలింది. మొత్తం 11,000 రూపాయల చిల్లర. వాళ్ళ నాన్న తమ మామగారికి బాగా తెలిసినవారు కావడంతో మందలించి వదిలేశారు. కానీ మనసు విరిగింది. మరిదిగారి సలహా మీద వేలిముద్ర యంత్రం పెట్టించారు. పది గంటల పది నిమిషాలు దాటి మూడుసార్లు వస్తే సగం రోజు జీతం కోత. సెల్‌ఫోన్లు లోపలికి రాగానే పెట్టెలో పెట్టాలి. నాలుగు కెమెరాలు, వాటి దృశ్యాలు ఆమె ఫోనులోకి వస్తాయి. సెలవు కావాలంటే రెండు రోజుల ముందు కాగితం రాసివ్వాలి, జ్వరం వచ్చినా సరే.

ఆరు నెలలు గడిచేసరికి ఇద్దరు మంచి పనిమంతులు వెళ్ళిపోయారు. వారిలో ఒకామె వెళుతూ, “వేలు పెట్టినందుకు బాధ లేదు మేడం, రోజూ ఎవరో నాకే వేలెత్తి చూపుతున్నట్టుంది” అన్నారట. ఇప్పుడు పందొమ్మిదో తేదీ సాయంత్రమైనా సరే, ఆరున్నర కాగానే పదహారు సంచులూ భుజాలకెక్కుతాయి. పసిబిడ్డ ఉన్న ఒక ఉద్యోగిని ఇదివరకు బిడ్డ నిద్రపోయాక ఇంటి నుంచి పని ముగించేది, ఇప్పుడు ఆ ఊసే లేదు. గడువు దాటినందుకు మూడు పార్టీల లేటు ఫీజును ఆఫీసే చెల్లించుకోవలసి వచ్చింది. ఇక తన చిన్నమ్మ కొడుకు అదే ఆఫీసులో పనిచేస్తూ, పదకొండింటికి వచ్చి, యంత్రం వైపు చూడకుండానే లోపలికి వెళతాడనీ, “వాడి సంగతి అందరికీ తెలిసిందే” అనీ ఆమె ఒక వాక్యంలో రాసి ముందుకు వెళ్ళారు. ఉద్యోగుల పదో తరగతి మెమోలూ డిగ్రీ సర్టిఫికెట్లూ, ఒరిజినల్స్, తమ బీరువాలో ఉంటాయని, “అందరూ చేసేదే” అని మరో వాక్యం. ఏడాదికి జీతంతో కూడిన సెలవులు పన్నెండు.

ఆమె అడిగినవి ఇవి. కొన్ని కంపెనీలలో హాజరు పట్టీయే ఉండదనీ, కావలసినన్ని సెలవులు తీసుకోవచ్చనీ విన్నాను. మా వంటి చిన్న ఆఫీసులో అది సాధ్యమా? “నమ్మితే నెత్తికెక్కుతారు” అంటున్న మరిదికి ఏం చెప్పాలి? మానేసినవారు రెండేళ్ళ వరకు వరంగల్‌లో ఈ పని చేయరాదని ముందే ఒప్పందం రాయించుకోవచ్చా?

సమాధానం:

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు యంత్రం, కెమెరాలు, ఫోన్ల పెట్టె కళ్ళకు కనిపించాయి. రెండోసారి చదివినప్పుడు మాత్రం ఆ సంఘటనలు జరిగిన క్రమం దగ్గర ఆగిపోయాను. దొంగ బిల్లులు పెట్టినది ఒక కుర్రాడు. అతనికి జరిగింది ఒక మందలింపు. వాటితో ఏ సంబంధమూ లేని పదిహేను మందికి యంత్రం వచ్చింది, కోత వచ్చింది, కెమెరా వచ్చింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమన్న మాట కొంచెం కటువుగా ఉంటుందేమో గాని, మీ ఉద్యోగులు ఈ ఆరు నెలలూ ఆ దృశ్యాన్నే చూస్తున్నారు. మీరు ఏ కాగితం మీద ఏం రాసినా, తప్పు చేసినవారికి తెలిసినవారి అండ ఉంటే సరిపోతుందని, చేయనివారే రోజూ తమ నిజాయితీని నిరూపించుకోవాలని వారు ఇప్పటికే ఒక నిబంధనను చదువుకున్నారు. పన్నెండు పేజీల విధానం రాసినా, ముందు దీన్ని సరిచేయకపోతే అది వారికి అక్కరకు రాని కాగితమే.

కాబట్టి ఆ కుర్రాడితోనే మొదలుపెడతాను. అతనితో మీరు ఇంతవరకు మాట్లాడింది కోపంలో ఒకసారి, అదీ మామగారి మొహం చూసి సగంలో ఆపేసిన మాట. ఇప్పుడు తలుపు వేసి, నిమ్మళంగా కూర్చోబెట్టి మాట్లాడండి. అయితే దానికి ముందు మీరొక లెక్క వేసుకోవాలి. అతని బండి లీటరుకు నలభై ఐదు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, ఒక్క పెట్రోలుకే కిలోమీటరుకు రెండు రూపాయల పైనే అవుతుంది. టైర్లు, ఆయిలు, సర్వీసింగు వేరు. బండి మరమ్మతు ఖర్చు ఆఫీసు ఇవ్వదని మీరే రాశారు. అంటే మీ పని మీద తిరిగి అరిగిన బండిని అతను తన జీతంలోంచి బాగుచేసుకుంటున్నాడు. ఆ 11,000లో ఎంత దొంగతనమో, ఎంత మీరు ఇవ్వవలసినదాన్ని అతను తప్పుదారిలో రాబట్టుకున్నదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. దాన్నిబట్టి మీ ముందు రెండు దారులుంటాయి. తప్పును అతనిచేత రాతపూర్వకంగా ఒప్పించి, సొమ్మును చిన్న వాయిదాలలో తిరిగి తీసుకొని కొనసాగించడం ఒకటి. అలా చేస్తే మిగిలినవారికి న్యాయం జరిగిందన్న భావన కలుగుతుంది, మామగారి స్నేహమూ చెడదు, కాని అతన్ని మళ్ళీ డబ్బు వ్యవహారంలో పెట్టే ముందు మీరు కొంతకాలం వేచి చూడాలి. గౌరవంగా వేరే పని వెతుక్కోమని గడువిచ్చి పంపడం రెండోది. లెక్క వేసిన తరువాత కూడా అది పూర్తిగా మోసమేనని తేలితే ఇదే మేలు, ఇంట్లో కొన్నాళ్ళు మాటలు పడవలసి వచ్చినా సరే. ఇప్పుడున్నట్టు ఏమీ తేల్చకుండా ఉంచడం మాత్రం మూడో దారిగా లెక్కించవద్దు. దాని ఫలితం మీరు ఆరు నెలలుగా అనుభవిస్తూనే ఉన్నారు.

పెట్రోలుకు బిల్లులు అడగడం మానేయండి. ఖాళీ బిల్లు ఏ బంకులోనైనా దొరుకుతుందని మీకూ తెలుసు, లెక్కలు రాసే వృత్తిలో ఉన్నవారికి ఇది నేను చెప్పనక్కరలేదు. ఏ దుకాణం నుంచి ఏ దుకాణానికి ఎంత దూరమో మీ ముగ్గురు కుర్రాళ్ళనే కూర్చోబెట్టి ఒక పట్టిక రాయించి, కిలోమీటరుకు నాలుగు రూపాయలో, మీ లెక్కలో తేలినంతో, అరుగుదలతో కలిపి ఖాయం చేసి, నెలాఖరున ఇచ్చేయండి. దీనివల్ల నెలకు నాలుగైదు వందలు ఎక్కువ పోవచ్చు. మీరు రోజూ ఓడోమీటర్ ఫొటోలు సరిచూడడానికి పెడుతున్న అరగంట మిగులుతుంది, దొంగ బిల్లు అనే వస్తువుకు అవసరమే ఉండదు.

ఇక ఆలస్యానికి కోత విషయం. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే మీ పందొమ్మిదో తేదీ సాయంత్రాలను పాడుచేసింది, నా ఉద్దేశంలో, కెమెరాల కంటే ఇదే. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాలలో చేసిన ఒక పరిశీలనను ఉరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీని అనే ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించారు. సాయంత్రం పిల్లలను తీసుకుపోవడానికి కొందరు తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తుండేవారు. ఆరు కేంద్రాలలో పది నిమిషాలు దాటి వస్తే అక్కడి కరెన్సీలో పది షెకెల్‌ల జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, కొన్ని వారాలలో దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆలస్యమైతే టీచరమ్మ మొహం చూడడానికి సిగ్గుపడేవారు. జరిమానా వచ్చాక ఆ సిగ్గుకు ఒక ధర ఏర్పడింది, ధర చెల్లించినవారికి సిగ్గుపడే అవసరం లేదు. మీకు ఇంకా ముఖ్యమైన సంగతి ఆ తరువాత జరిగింది. జరిమానా ఎత్తివేసినా ఆలస్యాలు పాత స్థాయికి దిగిరాలేదు.

మీ ఆఫీసులో జరిగిందీ దీనికి దగ్గరిదే. మీరు ఉదయం పది నిమిషాలకు ధర కట్టారు. వారు సాయంత్రం రెండున్నర గంటలకు ధర అడగడం నేర్చుకున్నారు. అందుకని, యంత్రాన్ని గోడ నుంచి ఊడదీసిన మర్నాడే మిర్చీబజ్జీల రాత్రులు తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోవద్దు. అవి రావడానికి నెలలు పడుతుంది. ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి: ఆ రాత్రులకు అప్పుడైనా ఏమైనా ఇచ్చారా? నలుగురున్నప్పుడు అది స్నేహం. పదహారు మంది ఉన్నప్పుడు అది లెక్కలోకి రాని ఓవర్‌టైమ్. పాత రోజుల మీద మీకున్న మమకారం నిజమైనదే గాని, తొమ్మిది దాటాక ఇంటికి చేరిన ఆడపిల్లలు ఆ రోజులను మీరు తలచుకున్నంత ముచ్చటగానే తలచుకుంటున్నారో లేదో ఒకసారి అడిగి చూడండి.

కోతకు చట్టం వైపు నుంచి కూడా చిక్కు ఉంది. రోజుకు పావుగంట చొప్పున మూడు రోజులు ఆలస్యమైతే మొత్తం ముప్పావుగంట. మీరు కోసేది సగం రోజు, అంటే నాలుగు గంటలు. పనికి రాని కాలానికి ఎంత వేతనమో అంతకు మించి కోయరాదన్నది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోని సూత్రం. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. అది కోత కాదు, జరిమానా అంటారా, దానికి వేరే షరతులున్నాయి. ఏ తప్పుకు వేస్తారో ముందే ఆమోదం పొంది ప్రకటించి ఉండాలి, సంజాయిషీ చెప్పుకోనివ్వాలి, మొత్తం ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. ఇతరుల చట్టబద్ధమైన లెక్కలు చూసి పెట్టే ఆఫీసు తన జీతాల పట్టీలోనే ఈ పొరపాటు మోయడం బాగుండదు. హాజరు విధానం ఏది ఎంచుకున్నా, ఈ కోతను మాత్రం ఈ నెల జీతంతోనే ఆపండి.

హాజరు విషయంలో మీకు మూడు మార్గాలు కనిపిస్తున్నాయి. యంత్రాన్ని అలాగే ఉంచి, కోత తీసేసి, దాన్ని కేవలం ఎవరు ఎన్ని గంటలు పనిచేశారన్న లెక్క కోసం వాడుకోవడం మొదటిది. గడువు రోజులలో ఎక్కువసేపు ఉన్నవారికి ఆ లెక్కతోనే మరో రోజు సెలవో, అదనపు వేతనమో ఇవ్వగలిగితే, ఆ యంత్రమే వారి తరఫు సాక్షి అవుతుంది. మరిదిగారు కూడా అంతగా అడ్డుపడరు. కాని గోడ మీద దాన్ని చూసినప్పుడల్లా పాత చేదు గుర్తుకొస్తుంది, అది చెరగడానికి సమయం పడుతుంది. రెండోది హాజరు పట్టీయే లేకుండా చేయడం. పని పూర్తయిందా లేదా అన్నదే చూస్తామనడం వినడానికి బాగుంటుంది, కాని మీ దగ్గర తొలి ఏడాది ఉద్యోగులు ఉన్నారు, వారికి పక్కన ఒకరు కూర్చుని నేర్పవలసి ఉంటుంది, పార్టీలు పొద్దున పదింటికే ఫోన్లు చేస్తాయి. ఎవరో ఒకరు ముందుగా వచ్చి ఆ ఫోన్లన్నీ ఎత్తుకుంటూ పోతే, రెండు నెలలలో ఆ ఒక్కరే అలసిపోతారు. నడిచే ఎద్దునే పొడుస్తారన్నట్టు, పట్టీ లేని ఆఫీసులో భారమంతా మంచివారి మీదే వాలడం నేను చాలాచోట్ల చూశాను.

మూడోది మీ పని స్వభావంలోంచే పుట్టినది, నా మొగ్గు దీనివైపే. మీ నెలకు ఒక ఆకారం ఉంది. పదకొండో తేదీకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, ఇరవయ్యో తేదీకి పన్ను లెక్క తేల్చే 3బి రిటర్ను, అంతకుముందే ఏడున టీడీఎస్ (చెల్లింపుల నుంచి ముందే పట్టిన పన్ను) చెల్లింపు. ఇరవై ఒకటి తరువాత వచ్చే తొమ్మిది పది రోజులు కాస్త ఊపిరి ఆడే రోజులు. ఈ రెండు భాగాలకూ ఒకే గడియారం పెట్టడమే పొరపాటు. నెల మొదటి ఇరవై రోజులలో పదకొండు నుంచి నాలుగు దాకా అందరూ ఆఫీసులో ఉండాలని, మిగిలిన గంటలు ముందా వెనకా, ఆఫీసులోనా ఇంటి దగ్గరా అన్నది ఎవరికి వారు ముందురోజు బోర్డు మీద రాసి పెట్టుకోవచ్చని ఏర్పాటు చేయండి. ఇరవై ఒకటి తరువాత రోజుకు ఎవరో నలుగురు చాలు, ఆ నలుగురెవరో వారే పంచుకుంటారు. పసిబిడ్డ తల్లి మళ్ళీ రాత్రి పని తీసుకోవడానికి అప్పుడు దారి ఏర్పడుతుంది. ఇందులో కష్టం లేకపోలేదు. ఏ పార్టీ పని ఎవరిదో, పద్దెనిమిదో తేదీకి ఎక్కడిదాకా వచ్చిందో కనబడే ఒక పట్టిక మీరు నిర్వహించాలి, అది చూడడానికి మీకు క్రమశిక్షణ కావాలి. పొద్దున ఎవరు ఎన్నింటికి వచ్చారో చూడడం సులభం; పని ఎంత వచ్చిందో చూడడం శ్రమ. నమ్మకం మీద నడిచే ఆఫీసులో యజమానికి పని తగ్గుతుందని ఎవరైనా చెప్పి ఉంటే, వారు అటువంటి ఆఫీసు నడిపి ఉండరు.

నమ్మకానికి తలుపు తీయవలసిన చోటు, తీయకూడని చోటు వేరువేరని కూడా చెప్పాలి. అమెరికా ఎలక్ట్రానిక్స్ సంస్థ హ్యూలెట్-ప్యాకర్డ్ గురించి దాని స్థాపకులలో ఒకరైన డేవిడ్ ప్యాకర్డ్ స్వయంగా చెప్పిన కథ ఒకటి ఉంది. తాను అంతకుముందు పనిచేసిన చోట పనిముట్లకు కాపలా పెట్టేవారని, దాన్ని సవాలుగా తీసుకొన్నట్టు ఉద్యోగులు వాటిని ఎత్తుకుపోయేవారని, తమ సంస్థలో మాత్రం విడిభాగాల గది తెరిచే ఉంచేవారమని ఆయన అంటారు. ఒక సెలవురోజున వచ్చిన మరో స్థాపకుడు బిల్ హ్యూలెట్ ఆ గదికి తాళం చూసి, దాన్ని విరగ్గొట్టి, మళ్ళీ తాళం వేయవద్దని చీటీ పెట్టి వెళ్ళారట. బాగుంది. అయితే ఆ గదిలో ఉన్నవి సంస్థ సొంత విడిభాగాలు. మీ దగ్గర ఉన్నవి ఇతరుల సంకేతపదాలు (పాస్‌వర్డులు). 180 మంది వ్యాపారుల జీఎస్టీ లాగిన్లు, బ్యాంకు వివరాలు మీకు అప్పగించినవే గాని మీవి కావు. వాటి తాళం విరగ్గొట్టే హక్కు మీకు లేదు.

కనుక అక్కడ కట్టుదిట్టం ఇంకా పెంచండి. ఇప్పుడు సంకేతపదాలన్నీ ఒకే ఎక్సెల్ ఫైలులో, అందరికీ తెరుచుకునేలా ఉన్నాయని రాశారు. పదహారు మందికీ వేలిముద్ర పెట్టి, అసలు కాపాడవలసినదాన్ని బల్ల మీద పరిచి ఉంచారన్నమాట! ఎవరి పార్టీల లాగిన్లు వారికే అందుబాటులో ఉండాలి, లెక్కల సాఫ్ట్‌వేరు టాలీలో ప్రతి ఒక్కరికీ వేరు లాగిన్ ఉండాలి, ఒకరు తయారుచేసిన రిటర్నును మరొకరు చూసిన తరువాతే దాఖలు చేయాలి. నమోదును ఎవరు ఎప్పుడు మార్చారో చెరగకుండా ఉండే సాఫ్ట్‌వేరును కంపెనీ చట్టం కింద నమోదైన సంస్థలకు 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు; మీ పార్టీలలో అటువంటివి కొన్నే ఉన్నా, టాలీలోని ఆ ఎడిట్ లాగ్ సదుపాయాన్ని అందరి ఖాతాలకూ వాడండి. రేపు ఏ అంకె తారుమారైనా నిజాయితీపరుడి మీద అనుమానం పడకుండా కాపాడేది అదే. ఇది చెబితే ఉద్యోగులు నొచ్చుకోరు. బ్యాంకు కౌంటరులో ఇద్దరి సంతకాలు అడిగితే ఏ గుమాస్తా నొచ్చుకున్నాడు? ఫోన్ల పెట్టెకు కూడా ఇదే గీటురాయి పెట్టండి. పార్టీల సమాచారం ఫొటో తీయకుండా ఉండడానికైతే, సొంత ఫోనులో పార్టీల కాగితాలు ఉంచుకోరాదన్న ఒక్క నియమం చాలు. మాటల్లో పడి పని తగ్గుతుందన్న భయంతోనైతే, పెట్టె తీసేయండి. ఇంటి దగ్గర జ్వరంతో ఉన్న పిల్లవాడి గురించి ఫోను వస్తుందేమోనని ఎదురుచూసే తల్లి ఎలాగూ పని చేయలేదు. కెమెరాలలో గుమ్మం దగ్గరిది ఉంచి, కూర్చునే బల్లల మీదివి తీయించండి. మీరు ఇంట్లో కూర్చుని తమను ఫోనులో చూస్తున్నారని తెలిసిన తొమ్మిది మంది మహిళల వైపు నుంచి ఒక్కసారి ఆలోచిస్తే ఇంతకన్నా చెప్పనక్కరలేదు. పది మందో అంతకు మించో పనిచేసే ఆఫీసు కనుక 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ కూడా మీకు తప్పనిసరి. ఉత్తరంలో దాని ప్రస్తావన కనబడలేదు.

సెలవుల గురించి అడిగినప్పుడు మీరు అపరిమిత సెలవుల దాకా వెళ్ళారు. అంత దూరం అక్కరలేదు, ముందు చట్టం దాకా రండి. తెలంగాణలో అమలులో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం, ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి జీతంతో 15 రోజుల సెలవు, అది కాక అనారోగ్యానికి 12, క్యాజువల్‌గా 12 ఉన్నాయి. మీరిస్తున్నవి అన్నీ కలిపి పన్నెండు. మీ లేబర్ లా కన్సల్టెంటుతో ఒకసారి సరిచూసుకొని ముందు ఈ అంకెను సరిదిద్దండి. హద్దు లేని సెలవు చిన్న ఆఫీసులో ఎందుకు కుదరదో కూడా చెబుతాను. ఎంత తీసుకుంటే ఎక్కువో ఎవరికీ తెలియనప్పుడు, మొహమాటస్థులు ఉన్నదానికంటే తక్కువ తీసుకుంటారు, మీ చిన్నమ్మ కొడుకు వంటివారు ఎక్కువ తీసుకుంటారు. అంకె స్పష్టంగా ఉండి, ఎందుకని అడగకుండా ఇచ్చే సెలవు అంతకంటే గౌరవమైనది. జ్వరానికి రెండు రోజుల ముందు కాగితమన్నది మీరే చదువుకుంటే నవ్వొస్తుంది. పొద్దున ఒక సందేశం చాలు. మేడారం జాతరకు, సద్దుల బతుకమ్మకు అందరికీ ఒకేసారి సెలవు కావాలి, ఆడిట్ నివేదికల గడువైన సెప్టెంబరు 30కి దగ్గరగా బతుకమ్మ పడే ఏళ్ళలో అది మరీ ఇబ్బంది. ఆ రోజుల వంతులు మీరు నిర్ణయించకుండా నెల ముందే వారి ముందు క్యాలెండరు పెట్టి వెళ్ళిపోండి. మొదటి ఏడాది కొంచెం గొడవ పడతారు. ఒక వంతు రాక అలిగినవారికి మరుసటి పండుగకు మొదటి వంతు ఇవ్వాలన్న నియమం వారే కనిపెడతారు.

సీనియర్ అకౌంటెంటు వెళ్ళిపోవడం మిమ్మల్ని పెట్రోలు బిల్లుల కంటే ఎక్కువ బాధపెట్టిందని మీ అక్షరాలలోనే తెలుస్తోంది. అయితే రెండింటినీ ఒకే గాటన కట్టవద్దు. ఆరేళ్ళు పని నేర్చుకొని సొంతంగా పెట్టుకోవడం మోసం కాదు. మీరూ ఒక ఆడిటరుగారి దగ్గర నేర్చుకొనే వచ్చారు. మానేసిన తరువాత రెండేళ్ళు ఇదే పని చేయరాదన్న ఒప్పందం రాయించుకున్నా నిలవదు, జీవనోపాధిని అడ్డుకునే ఒప్పందాలు చెల్లవని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. పార్టీల కాగితాలు, లెక్కలు పట్టుకుపోరాదన్న గోప్యత ఒప్పందం వేరు, అది రాయించుకోండి. అసలైన రక్షణ మాత్రం ప్రతి పెద్ద పార్టీకీ ఆఫీసులో కనీసం ఇద్దరు తెలిసి ఉండడం, మూడు నెలలకోసారి మీరే వెళ్ళి వారి దుకాణంలో ఒక చాయ్ తాగి రావడం. ఆ రెండు పార్టీలూ చివరిసారి మిమ్మల్ని స్వయంగా చూసింది ఎప్పుడో గుర్తు చేసుకోండి.

ఇప్పుడు బీరువా సంగతి. “అందరూ చేసేదే” అన్నారు. నిజమే, చాలామంది చేస్తున్నారు. కాని మీ ఉద్యోగుల వైపు నుంచి చూడండి. వారి ఇన్నేళ్ళ చదువు కాగితాలు మీ తాళం కింద ఉన్నాయి. మరోచోట ఉద్యోగానికి వెళ్ళాలన్నా, గ్రూప్స్ పరీక్ష రాసి సర్టిఫికెట్ల పరిశీలనకు పోవాలన్నా మీ దగ్గరకు వచ్చి అడగాలి, ఎందుకని మీరు అడుగుతారు. మీ ఒరిజినల్ ఏదీ వారి దగ్గర లేదు. ఇది ఉన్నంతకాలం మీరు నమ్మకం అన్న మాట వాడకపోవడమే మంచిది. చూసి, నకళ్ళు ఉంచుకొని, ఎవరివి వారికి ఇచ్చి సంతకం తీసుకోండి. ఇచ్చిన నెలలోనే ఒకరిద్దరు వెళ్ళిపోవచ్చు, ఆ అవకాశాన్ని నేను దాచను. వారు సర్టిఫికెట్ల కోసం ఆగినవారు గనుక ఎలాగూ ఈ ఆఫీసులో మనసు పెట్టి లేరు. మిగిలినవారికి నోటీసు కాలాన్ని రెండువైపులా సమానంగా రాయండి, వారు మానేసినా నెల, మీరు తీసేసినా నెల.

చిన్నమ్మ కొడుకు విషయం నాలుగు మాటలలో ముగిస్తాను, ఎందుకంటే ఏం చేయాలో మీకు నాకంటే బాగా తెలుసు. కొత్త ఏర్పాటు ఏదైనా మొదట బోర్డు మీద వేళలు రాయవలసిన పేరు మీది, రెండోది అతనిది. అతను రాయనంటే ఆఫీసు బయట వేరే పని చూపించి చిన్నమ్మతో మీరే మాట్లాడుకోవాలి. కష్టమే, కాని అతని కోసం పదిహేను మందిని పోగొట్టుకున్నాక ఆ మాట ఇంకా కష్టమవుతుంది.

మరిదిగారికి వాదనతో సమాధానం చెప్పవద్దు. ఆయన మాటలో కొంత నిజముంది, నమ్మితే ఎవరో ఒకరు నెత్తికెక్కుతారు. అప్పుడు ఏం చేస్తారో ముందే రాసి పెట్టుకోండి: మొదట ఆ ఒక్కరితో మాట, తరువాత రాతపూర్వక హెచ్చరిక, ఆ పైన ఆ ఒక్కరికే ఆ వెసులుబాటు రద్దు. ఆయనతో ఆరు నెలల గడువు అడిగి, మూడు అంకెలు ఆయన ముందే పెట్టండి. ప్రతి నెల పద్దెనిమిదో తేదీ సాయంత్రానికి మిగిలిన 3బి రిటర్నులు ఎన్ని, ఆఫీసు భరించిన లేటు ఫీజు ఎంత, మానేసినవారు ఎందరు. గడిచిన ఆరు నెలల అంకెలు మీ దగ్గర ఎలాగూ ఉన్నాయి, పక్కపక్కన రాసుకుంటే ఎవరూ ఎవరినీ ఒప్పించనక్కరలేదు. అంకెలు దిగజారితే ఆయన మాట విని కొన్ని కట్టుబాట్లు వెనక్కి తెచ్చుకోవడానికి సిద్ధంగా ఉండండి, అలా తెచ్చుకుంటామన్న సంగతి ఉద్యోగులకూ ముందే చెప్పండి.

కొత్త నిబంధనలు రాసే కాగితం రెండు పేజీలు దాటకూడదు, తెలుగులో ఉండాలి. చివర నాలుగు వరుసలు ఖాళీగా వదిలి, ఈ ఆఫీసులో ఏ నిబంధన మిమ్మల్ని ఎక్కువ నొప్పించిందో రాయండని ముసాయిదాను అందరికీ ఇవ్వండి. పేరు అడగవద్దు. ఏ నెలలో మొదలుపెట్టినా ఇరవయ్యో తేదీ దాటనివ్వండి, ఇరవై ఒకటిన అయితే అందరి చెవులూ ఖాళీగా ఉంటాయి. ఆ రోజు పొద్దున, కాగితాలు పంచడానికి ముందే, బీరువా తెరవండి.